పొగకు దారి, పొరుగుకు మర్యాద
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సభలో ప్రతి ఏడాదీ స్కాలర్‌షిప్పుల గురించి, వితంతువుల పింఛన్ల గురించి, పేద ఆడపిల్లల పెళ్లిళ్ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి నేను ఎంచుకున్న విషయం వింటే కొందరికి నవ్వు రావచ్చు. అపార్ట్‌మెంట్లలో వంటల వాసన, బీడీ సిగరెట్ల పొగ. ఇంత పెద్ద సభలో మాట్లాడాల్సిన సంగతేనా ఇది అనిపించవచ్చు. కానీ మన అనంతపురంలో అద్దె ఇల్లు వెతుక్కున్న ముస్లిం కుటుంబాన్ని ఎవరినైనా అడగండి. అడ్వాన్సు, బాడుగ అన్నీ కుదిరాక, పేరు చెప్పగానే వచ్చే మాట ఒకటుంది: "మీ వంటల వాసన మావాళ్లకు పడదమ్మా." ఆ ఒక్క మాటతో ఇల్లు పోతుంది. పిల్లల బడికి దగ్గరగా ఉన్న వీధి పోతుంది. ఉద్యోగానికి నడిచి వెళ్లగలిగే దూరం పోతుంది. కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఇంకో వైపు కూడా చూడాలి. మనవాళ్లే ఉన్న భవనాల్లో మెట్ల మలుపులో నిలబడి సిగరెట్టు కాల్చే కుర్రవాళ్లు మనకు తెలుసు. పై అంతస్తులో ఆయాసంతో బాధపడే పెద్దావిడ కిటికీ వేసుకుని ఉక్కపోతలో కూర్చోవడం కూడా తెలుసు. ఒకరు మనల్ని అన్యాయంగా అంటున్నారని, మనం ఇంకొకరికి చేసే ఇబ్బందిని కప్పిపెట్టుకోలేం కదా.

అందుకే ముందు ఒక లెక్క తేల్చుకుందాం. 'వాసన' అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు సంగతులు దాక్కుని ఉన్నాయి. ఒకటి హాని. పొగాకు పొగ అలాంటిది. రెండోది ఇబ్బంది. ఎండుమిరపకాయల ఘాటు, మాడిన నూనె, ఎండుచేపలు, తలకాయ కాల్చిన వాసన ఇలాంటివి. మూడోది సాకు. మనిషి నచ్చక, వాసన పేరు చెప్పడం. హానిని ఆపాలి. ఇబ్బందిని తగ్గించాలి. సాకును సాకు అని మర్యాదగా చెప్పాలి. ఈ మూడింటినీ కలగాపులగం చేసినంతకాలం గొడవ తెగదు.

మన దీన్ ఈ విషయంలో ఏం చెప్పిందో చూద్దాం. పచ్చి వెల్లుల్లి, ఉల్లి తిన్నవారు ఆ వాసనతో మస్జిద్‌కు రావద్దని దైవప్రవక్త (సఅసం) చెప్పిన హదీసు మనలో చాలామందికి తెలుసు. మనుషులకు బాధ కలిగించేది దైవదూతలకూ బాధ కలిగిస్తుందని కూడా అందులో ఉంది. దాని వెనక ఇంకో సంగతి ఉంది. ఖైబర్ సమయంలో ఆ మాట విన్న కొందరు, వెల్లుల్లి హరామ్ అయిపోయిందని చెప్పుకోసాగారు. అప్పుడు ప్రవక్త (సఅసం), అల్లాహ్ హలాల్ చేసినదాన్ని హరామ్ చేసే అధికారం తనకు లేదని, ఆ వాసన మాత్రమే తనకు నచ్చదని స్పష్టం చేశారు. ఇది సహీహ్ ముస్లింలో ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) తన ఖుత్బాలో, తినదలచుకుంటే ఉడికించి ఆ వాసన పోగొట్టుకుని తినమన్నారు. చూడండి, తిండిని తప్పు పట్టలేదు. తినేవాడిని తక్కువ చేయలేదు. పదిమంది కూడే చోట వాసన సంగతి చూసుకోమన్నారు, అందుకు ఉపాయం కూడా చెప్పారు. అపార్ట్‌మెంట్‌లో మనకు కావలసిన నియమం ఇదే.

కూర వండితే పులుసు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి పంచమని హజ్రత్ అబూజర్ (రజి)కి ప్రవక్త (సఅసం) చెప్పిన మాట కూడా మనం వింటూనే పెరిగాం. ఖుర్ఆన్ నిసా సూరాలో, 36వ ఆయతులో, దగ్గరి పొరుగువారిని, దూరపు పొరుగువారిని ఇద్దరినీ ప్రస్తావించి మేలు చేయమంది. ఆ పొరుగువారు ఏ మతస్తులై ఉండాలో అక్కడ షరతు లేదు.

ఫిఖ్‌హ్ పండితులు ఇంకా లోతుకు వెళ్లారు. 14వ శతాబ్దంలో తూనిస్ నగరంలో ఇబ్న్ అర్‌రామీ అనే మేస్త్రి ఉండేవాడు. గోడలు, కిటికీలు, పొగ, నీళ్ల కాలువల మీద పొరుగువారి మధ్య వచ్చే తగాదాల గురించి ఒక పుస్తకమే రాశాడు. హమ్మాములు, రొట్టెల బట్టీల పొగ ఒక రకమని, ఇంటి వంట పొగ ఇంకో రకమని మాలికీ పండితులు విడదీశారు. మొదటిదాన్ని ఆపమనే హక్కు పొరుగువాడికి ఉంది. రెండోది బతకడానికి తప్పనిది కాబట్టి ఆపమనలేరు. తర్వాత ఉస్మానీ తుర్కీ సుల్తానుల కాలంలో, 1869 నుంచి 1876 వరకు, హనఫీ ఫిఖ్‌హ్ ఆధారంగా 'మజల్లా' అనే చట్టం వెలువడింది. దాని 1200వ అధికరణం, బట్టీ పొగ వల్ల గానీ గానుగ వాసన వల్ల గానీ పక్క ఇంట్లో మనిషి ఉండలేని పరిస్థితి వస్తే అది పెద్ద హాని, దాన్ని ఎలాగైనా తొలగించాల్సిందే అంటుంది. అంటే వాసన తగాదాలు నేడు పుట్టినవి కావు. వాటిని తూచే తక్కెడ మనవాళ్ల దగ్గర ఎప్పటినుంచో ఉంది.

ఇక మన ఊరి సంగతికి వద్దాం. మన సీమ పాత మట్టిమిద్దెలు మీకు గుర్తుండే ఉంటాయి. పొయ్యికి పైన కప్పులో ఒక గవాచి ఉండేది. వెలుతురు అందులోంచే దిగేది, పొగ అందులోంచే పోయేది. ముందర వాకిలి, వెనక పెరడు. ఎవరింట్లో ఏం వండినా ఆ వాసన ఆకాశంలో కలిసేది. వానలు లేక, బోర్లు ఎండి, బుడ్డల పంట చేతికి రాక పల్లెల నుంచి జనం టౌనుకు చేరారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన పడే నేల ఇది. ఊరు పక్కలకు పెరిగినట్టే పైకీ పెరిగింది. ఒకప్పుడు ఒక ఇల్లు ఉన్న స్థలంలో ఇప్పుడు పది కుటుంబాలున్నాయి. అన్నీ పైకి తెచ్చాం గానీ గవాచిని మరచిపోయాం. నేటి చాలా ఫ్లాట్లలో వంటింటి ఫ్యాను వరండాలోకో, పక్కవారి కిటికీ ఎదురుగా ఉన్న ఇరుకు సందులోకో ఊదుతుంది. తప్పు కూరది కాదు, పొగకు దారి లేకపోవడానిది.

బడిలో పిల్లలకు చెప్పే పాఠమే ఇక్కడా పనికొస్తుంది. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది. భవనం మధ్యలో ఉండే డక్టు ఒక పొగగొట్టంలాగా పనిచేస్తుంది. కింది అంతస్తులో వేసిన తిరగవాత నాలుగో అంతస్తు బాత్రూం కిటికీలోంచి ఇంట్లోకి వస్తుంది. నాలుగో అంతస్తువారు ఎదురింటివారిని అనుమానిస్తారు. అసలు వాసన ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండానే సగం గొడవలు జరుగుతాయి. అందుకే మొదటి పని, ఎవరినీ అనకముందు ఒకరోజు నిలబడి గాలి ఎటునుంచి ఎటు పోతోందో గమనించడం. ఒక అగరుబత్తి వెలిగించి తలుపు సందు దగ్గర, డక్టు కిటికీ దగ్గర పట్టుకుంటే ఆ పొగే దారి చూపిస్తుంది.

వంటింట్లో చేయగలిగినవి కొన్ని చెబుతాను. పొయ్యి వెలిగించకముందే ఫ్యాను వేయాలి, వంట అయ్యాక మరో పది నిమిషాలు తిరగనివ్వాలి. ఫ్యాను తిరుగుతుంటే ఆ పక్క కిటికీ కాస్త తెరిచి ఉంచాలి. బయటికి గాలి పోవాలంటే లోపలికి గాలి రావాలి కదా. వంటింటికి, వరండాకు మధ్య తలుపు మూసి ఉంచాలి. మిరపకాయలు వేయించేటప్పుడు, తిరగవాత వేసేటప్పుడు మూత పెట్టాలి. ఆ ఘాటు గొంతుకు తగిలితే ఆయాసం ఉన్నవాళ్లకు దగ్గు ఆగదు. ఒకసారి మాడిన నూనెను మళ్లీమళ్లీ కాచకూడదు. అది ఒంటికీ మంచిది కాదు, దాని కమురు వాసన త్వరగా వదలదు.

చిమ్నీ కొనేవారు ఒక తేడా తెలుసుకోవాలి. పైపు లేని చిమ్నీ గాలిని బొగ్గు ఫిల్టరులోంచి పంపి తిరిగి ఇంట్లోకే వదులుతుంది. ఆ ఫిల్టరును కొన్ని నెలలకోసారి మార్చకపోతే దానివల్ల ఉపయోగం లేదు. పైపు ఉన్న చిమ్నీ పొగను బయటికి పంపుతుంది. కానీ 'బయట' అంటే వరండా కాదు, పక్కవారి కిటికీ కాదు. పైపు వంపులు తక్కువగా, మిద్దె పిట్టగోడ కంటే ఎత్తుగా పోవాలి, పైన టోపీ ఉండాలి. రామగిరి గుట్టల మీద గాలిమరలు తిరిగే ప్రాంతం మనది. గాలి కాలంలో టోపీ లేని గొట్టంలోంచి పొగ తిరిగి కిందికే వస్తుంది.

కరువు సీమకు ప్రత్యేకమైన ఇంకో వాసన ఉంది. బాత్రూంలో నీళ్లు పోయే నాని ట్రాపులో కాసిన్ని నీళ్లు నిలిచి, కింద డ్రైనేజీ గాలిని పైకి రానివ్వకుండా ఆపుతాయి. ఎండాకాలంలో, అందులోనూ నీళ్లు పొదుపుగా వాడే రోజుల్లో, వాడని బాత్రూంలో ఆ నీళ్లు ఎండిపోతాయి. అప్పుడు వచ్చే కంపుకు పక్కింటివారి మాంసం వంటను తిట్టుకునేవారు ఉన్నారు. వారానికి ఒక మగ్గు నీళ్లు పోస్తే ఆ కంపు పోతుంది, పొరుగువారి మీద అపోహా పోతుంది.

మన ఊళ్లోనే ఒక భవనంలో జరిగింది చెబుతాను, పేర్లు వద్దు. కింది ఇంటి చిమ్నీ గొట్టం డక్టులోకి తెరుచుకుంది. పై ఇంట్లో ఒక బాబుకు ఆయాసం. రెండిళ్ల మధ్య ఏడాదిపాటు మాటల్లేవు. ఆ రెండు కుటుంబాలూ వేర్వేరు మతాలవి కాబట్టి, చూసేవాళ్లు అది మతం గొడవ అనుకున్నారు. చివరికి ఒక రిటైర్డు ఇంజినీరుగారు చూసి, గొట్టాన్ని మిద్దె పైకి తీసుకెళ్లమన్నారు. అదే డక్టు మీద ఉన్న ఇళ్లన్నీ ఖర్చు పంచుకున్నాయి. గొట్టం పైకి వెళ్లాక అది మతం గొడవ అన్న మాట మళ్లీ వినబడలేదు. వాసన తగాదాలన్నీ ఇంత సులువుగా తెగుతాయని నేను అనను. అయితే రేకు గొట్టంతో తెగేదాన్ని మనం గుండెల్లో ఎన్నేళ్లు మోస్తున్నామో ఆలోచించాలి.

ఇక పొగాకు. దీన్ని వంట వాసనతో కలపకూడదు. ఇది మొదటి రకం, హాని. పొగాకు పొగలో ఏడువేలకు పైగా రసాయనాలున్నాయి, వాటిలో డెబ్బై వరకు క్యాన్సర్ కలిగించేవి. కాల్చని మనిషి పీల్చినా హాని హానే, ఇంత వరకు పరవాలేదు అనే కొలత లేదు. పక్కవారి పొగ పీల్చడం వల్ల ప్రపంచంలో ఏటా పది లక్షలకు పైగా మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఫ్యాను పెట్టినా, అగరుబత్తి వెలిగించినా, సెంటు కొట్టినా ఆ హాని పోదు, వాసన మాత్రమే మారుతుంది. తలుపు కింద సందులోంచి, స్విచ్చుబోర్డుల పైపుల్లోంచి కూడా ఆ పొగ పక్క ఇంటికి చేరుతుంది.

బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం పౌరులకు హాని చేసే ఉపద్రవమని కేరళ హైకోర్టు 1999 జూలైలో తీర్పు ఇచ్చింది. 2003లో పొగాకు నియంత్రణ చట్టం వచ్చింది. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో నిషేధం నియమాలు గట్టిపడ్డాయి, రెండు వందల రూపాయల వరకు జరిమానా ఉంది. సొంత ఫ్లాటు లోపల కాల్చేవారిని ఆ చట్టం ఆపదు. అక్కడ మనిషి మర్యాదే చట్టం. మెట్లు, వరండా, లిఫ్టు, మిద్దె మాత్రం ఎవరి సొంతమూ కావు. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం ఉమ్మడి భాగాలను గుర్తించింది, యజమానుల సంఘానికి బైలాస్ ఉండాలంది. ఆ బైలాస్‌లో 'ఉమ్మడి భాగాల్లో పొగ తాగరాదు' అనే ఒక్క వాక్యం చేర్చడానికి ఒక సమావేశం చాలు. మన మహల్లా యువకులకు ఇది మస్జిద్ పెద్దలు చెబితే ఇంకా బాగా వింటారు. పొగతాగడం మక్రూహ్ అనేవారు, హరామ్ అనేవారు ఉలమాలలో ఉన్నారు. పక్కవాడికి హాని చేయవచ్చు అనేవారు మాత్రం ఎవరూ లేరు.

మన పండుగల గురించి కూడా ఒక మాట. రంజాన్‌లో సహరీకి తెల్లవారుజామున వంట మొదలవుతుంది. ఆ వేళకు పక్కవాళ్లు కిటికీలు తెరుచుకుని నిద్రలో ఉంటారు. వేపుళ్లు, తిరగవాతలు ముందు రాత్రే చేసుకుని, సహరీకి వేడి చేసుకుంటే సరిపోతుంది. బక్రీద్‌కు ఖుర్బానీని అపార్ట్‌మెంటు కింద పార్కింగులో కాకుండా, అందుకు ఏర్పాటు చేసిన చోట చేయాలి. వ్యర్థాలను అదే రోజు మూటకట్టి మున్సిపాలిటీ బండికి ఇవ్వాలి, కడిగిన చోట సున్నమో బ్లీచింగ్ పౌడరో చల్లాలి. నీళ్లు తక్కువున్న ఊళ్లో ఇది ముందే ఆలోచించుకోవాల్సిన పని.

మాట్లాడే పద్ధతి గురించి చెబుతాను. ఫిర్యాదు చేసేవారు వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ రాయకూడదు. తలుపు తట్టి, "అన్నా, మీ ఫ్యాను గాలి మా పిల్లవాడి గదిలోకి వస్తోంది, ఒకసారి వచ్చి చూస్తారా" అంటే చాలు. "మీవాళ్ల వంటలు" అనే మాట మాత్రం రాకూడదు. ఫిర్యాదు వినేవారు కూడా వెంటనే మతం మీదికి తీసుకోకూడదు. ముందు వెళ్లి చూడాలి. గాలి నిజంగానే ఆ ఇంట్లోకి పోతుంటే సరిచేయాలి. పోకపోతే, అప్పుడు ఆ మాట కూడా నెమ్మదిగానే చెప్పాలి.

ఇప్పుడు సాకు సంగతి. ఫ్యాను ఉంది, గొట్టం మిద్దె పైకి ఉంది, మెట్ల మీద ఎవరూ సిగరెట్టు కాల్చరు, అయినా "మీకు ఇల్లివ్వం" అంటే అది వాసన గురించి కాదు. దాన్ని దాని పేరుతోనే పిలవాలి. గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల జాతరలో హిందువులు, ముస్లింలు కలిసి మొక్కులు తీర్చుకునే జిల్లా మనది. ఆ పొగ, ఆ సాంబ్రాణి ఎవరికీ పడకపోలేదు. అయితే ఈ మాట అనే అర్హత మనకు ఉండాలి. మనలో ఇళ్లు బాడుగకిచ్చేవాళ్లు ఉన్నారు. ఎండుచేపలు వండుతారని, ఫలానా కులమని, ఫలానా పని చేస్తారని ఇల్లు లేదనేవాళ్లు మనలో కూడా ఉన్నారు. మనల్ని అంటే నొప్పించే మాట మన నోట్లోంచి ఇంకొకరికి రాకూడదు.

దాతలకు నా విన్నపాలు నాలుగు. మొదటిది: మీలో ఎవరైనా బాడుగ ఇళ్లు కడుతుంటే, ప్రతి వంటింటికీ మిద్దె పైదాకా పోయే గొట్టం ముందే వదలండి. కట్టేటప్పుడు అది మేస్త్రికి కొద్ది రోజుల పని. కట్టాక గోడలు పగలగొట్టాలి. రెండోది: బాడుగ ఒప్పందంలో తిండి గురించి షరతు పెట్టకండి. ఫ్యాను వాడాలి, చెత్త ఏ రోజుది ఆ రోజు వేయాలి, మెట్ల మీద పొగ తాగకూడదు అని నడవడిక గురించి షరతు పెట్టండి. మూడోది: మన సొసైటీ సాయం పొందే వితంతువులు, చదువుకునే పిల్లలు బాడుగ ఇళ్లలో ఉంటారు. ఫ్యాను పెట్టమంటే యజమాని పెట్టడు, వాళ్ల దగ్గర డబ్బు ఉండదు, చివరికి వాసన పేరుతో ఇల్లు ఖాళీ చేస్తారు. ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను, నాలుగు గజాల గొట్టం ఒక కుటుంబాన్ని ఆ ఇంట్లో నిలబెట్టగలదు. దీనికోసం చిన్న నిధి ఒకటి విడిగా పెట్టాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. జకాత్ సొమ్ము ఇందుకు ఎంతవరకు వాడవచ్చో మన ఉలమాలను అడిగి తెలుసుకుందాం. నేను మిమ్మల్ని అడిగేది సదఖా నుంచి. నాలుగోది డబ్బుతో పని లేనిది: మీ భవనం సంఘం సమావేశానికి వెళ్లండి. మనం వెళ్లని సమావేశంలో మన గురించి నిర్ణయాలు జరుగుతాయి, ఆ తర్వాత బాధపడి లాభం లేదు.

పొరుగువాడు తన కీడు నుంచి సురక్షితంగా ఉండని మనిషి విశ్వాసం పూర్తి కాదని మన ప్రవక్త (సఅసం) బోధ. కీడు చేతితోనే కానక్కరలేదు, కిటికీలోంచి పోయే పొగతో కూడా జరుగుతుంది. మన ఇంటి కూర పక్కింటికి గిన్నెలో చేరాలి గానీ ఘాటుగా చేరకూడదు. ఆ గిన్నె తీసుకెళ్లే చనువు మన పిల్లలకు ఉండేలా చూడాలి. మన ఇళ్లను, మన పొరుగు ఇళ్లను అల్లాహ్ శాంతితో నింపుగాక. ఆమీన్.